ఇక పట్టదనే ముందు

మా వీధి చివర ఒకమ్మాయి ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఆమె కత్తెర పట్టుకునే ముందు జరిగే పనంతా చూస్తూ నిలబడటం నాకు ఇష్టం. చీరతో పాటు వచ్చే జాకెట్టు ముక్క ఎనభై సెంటీమీటర్లు ఉంటే గొప్ప. దాన్ని బల్లమీద పరిచి, అరచేత్తో ముడతలు తీసి, ఆది జాకెట్టు పక్కన పెట్టుకుని సుద్దతో గీతలు మొదలుపెడుతుంది. వీపు ఒకటి, ముందు భాగాలు రెండు, చేతులు రెండు, నడుం పట్టీ, హుక్కుల పట్టీ, మెడకు వేసే ఏటవాలు పీలికలు. అన్నీ ఆ ముక్కలోనే రావాలి. ఎలా పడితే అలా తిప్పడానికీ లేదు. నేత నిలువు పోగు వీపు మీద నిలువుగానే దిగాలి, పువ్వు తలకిందులు కాకూడదు, చేతులకు జరీ అంచు రావాలి, ఆ అంచేమో గుడ్డకు ఒక పక్కనే ఉంటుంది. ఈమధ్య ఎవరిదో పట్టు ముక్క మీద గీస్తూ గీస్తూ ఆగిపోయి, "మోచేతి దాకా రావక్కా, ముక్క చాలదు" అంది. గుడ్డ తెచ్చినావిడ ఏమీ మాట్లాడలేదు. అమ్మాయి కాసేపు అలాగే చూసి, ఒక గీతను వేలితో తుడిచేసింది. ముందు భాగాన్ని కాస్త కిందికి జరిపి, దాని కొనను రెండు చేతుల భుజం వంపుల మధ్య మిగిలిన సందులోకి దింపింది. "వస్తాయక్కా" అంది. ఆ రెండు మాటల మధ్య గుడ్డ ఒక్క దారప్పోగు కూడా పెరగలేదు.

అప్పటినుంచీ ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. మొదట "చాలదు" అన్నప్పుడు ఆమెకు తెలిసిందేమిటి? తను చూసిన అమరికల్లో కుదరలేదని తెలుసు. చూడని అమరికల సంగతి? రెండోసారి కూడా కుదరకపోయి ఉంటే ఇంకోసారి ప్రయత్నించాలా, ఆపేయాలా? ఎక్కడ ఆపాలో చెప్పే గుర్తు ఏదైనా ఉంటుందా? పొద్దున లేచింది మొదలు మనం ఈ మాట అంటూనే ఉంటాం. ఫ్రిజ్‌లో గిన్నె పట్టదు, బీరువాలో దుప్పటి పట్టదు, ఊరికి తీసుకెళ్ళే పెట్టెలో పచ్చడి సీసా పట్టదు. అనడం ఎంత తేలిక! గణితంలో మాత్రం ఇంత బరువైన వాక్యం ఇంకోటి లేదేమో అనిపిస్తుంది. పడుతుందని చూపించడానికి ఒక్క అమరిక చాలు. పట్టదని చెప్పాలంటే, ఇంతవరకు ఎవరి ఊహకూ అందని అమరికలతో సహా అన్నింటికీ జవాబు చెప్పుకోవాలి.

ఈ బరువు ఎంతో తెలియాలంటే చదరపు పలకల లెక్క ఒకటి చాలు. ఒక్కో పలక భుజం ఒక అంగుళం అనుకుందాం. వాటిని ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా ఒక చదరపు డబ్బా అడుగున పరచాలి. డబ్బా ఎంత చిన్నదైతే అంత మంచిది. నాలుగు పలకలకు 2 అంగుళాల డబ్బా సరిపోతుంది, అందులో ఆలోచించేదేమీ లేదు. ఐదో పలక రాగానే మనసు 3 అంగుళాల డబ్బా కోసం వెతుకుతుంది. అంత అక్కర్లేదు. నాలుగింటిని నాలుగు మూలలకు నెట్టి, నడుమ ఐదోదాన్ని నలభై ఐదు డిగ్రీలు తిప్పి పెడితే సుమారు 2.707 అంగుళాల్లో అన్నీ సర్దుకుంటాయి. అంతకంటే చిన్న డబ్బాలో కుదరదని రుజువు కూడా ఉంది. మరి ఆరో పలక? నన్ను ఆశ్చర్యపరిచింది ఇదే. ఆరింటికి పూర్తిగా 3 అంగుళాలూ కావాలి, వెంట్రుకవాసి తగ్గినా కుదరదు. ఈ చిన్న మాటకు కెయర్నీ, షియూ అనే ఇద్దరు గణితజ్ఞుల రుజువు 2002లో గానీ అచ్చు కాలేదు. 3 అంగుళాల డబ్బా అంటే తొమ్మిది పలకలు హాయిగా పట్టే చోటు. ఆరింటికి తప్పనిసరి అయిన చోటే తొమ్మిదింటికీ సరిపోతుంది! ఐదో పలక దగ్గర పనికొచ్చిన ఏటవాలు తెలివి ఆరో పలక దగ్గర ఎందుకూ పనికిరాలేదు. ఒకచోట నేర్చుకున్నది పక్క మెట్టు మీదే పనిచేయకపోతే ఇక దేన్ని నమ్ముకుని ముందుకు పోవాలి?

పదకొండు పలకల దగ్గరికి వచ్చేసరికి రుజువులు కూడా మనల్ని వదిలేస్తాయి. 1979లో వాల్టర్ ట్రంప్ అనే ఆయన పదకొండింటిని సుమారు 3.877 అంగుళాల డబ్బాలో అమర్చాడు. నడిమి పలకలు నలభై డిగ్రీలకు రవ్వంత ఎక్కువగా వాలి ఉంటాయి. నలభై ఐదు కాదు, ముప్ఫై కాదు, ఏ పాఠ్యపుస్తకంలోనూ కనిపించని కోణం. అంతకంటే మెరుగైన అమరిక ఇప్పటికీ దొరకలేదు, అదే అత్యుత్తమమన్న రుజువూ లేదు. పదిహేడు పలకలది ఇంకా విచిత్రం. 1998లో హవాయి విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదువుతున్న జాన్ బిడ్వెల్ వాటిని సుమారు 4.676 అంగుళాల్లో ఇమిడ్చాడు. ఆ బొమ్మను చాలాసేపు చూశాను. పలకలు మూడు రకాల కోణాల్లో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, నడుమ చిన్నా పెద్దా త్రికోణాల ఖాళీలు వదులుతూ ఉంటాయి. సౌష్ఠవం మచ్చుకైనా కనపడదు. మనకు చిన్నప్పటి నుంచీ ఒక నమ్మకం ఉంటుంది, సరైన జవాబు అందంగా ఉంటుందని. తేనెపట్టు చూపించీ, ముగ్గు చూపించీ ఆ నమ్మకాన్ని పెంచారు. ఆ బొమ్మ ముందు ఆ నమ్మకం కొంచెం కదిలింది. లేక ఇంతకంటే చక్కని, ఇంతకంటే బిగువైన అమరిక ఎక్కడో ఉండి మనకింకా కనపడలేదా? రెండింటిలో ఏది నిజమో చెప్పగలిగినవాళ్ళు ఈరోజుకీ లేరు.

వరుసగా పేర్చడమే పొదుపు అన్న ఊహను గణితజ్ఞులు పాల్ ఎర్డోష్, రొనాల్డ్ గ్రాహమ్ 1975లో ఇంకా పెద్ద కొలతలో పరీక్షించారు. చాలా పెద్ద గది, దాని భుజం పూర్ణసంఖ్య కంటే కాస్త ఎక్కువ. అడుగు పొడవు పలకలను వరుసగా పరుచుకుంటూ పోతే చివర రెండు గోడల వెంట ఒక సన్నటి పట్టీ వృథాగా మిగిలిపోతుంది. గది ఎంత పెద్దదైతే ఆ పట్టీ అంత పొడుగు. ఆ సన్నటి చోటులో నిండు పలక పట్టదు కదా, ఇక చేసేదేముంది అనుకుంటాం. కొన్ని వరుసలను కాస్త ఏటవాలుగా వేస్తూ పోతే ఆ వృథాను బాగా తగ్గించవచ్చని వాళ్ళు చూపించారు. వరుసగా పేరిస్తే వృథా గది భుజంతో పాటే పెరుగుతుంది. వాళ్ళ పద్ధతిలో భుజానికి 7/11వ ఘాతం చొప్పున మాత్రమే పెరుగుతుంది. గది మరీ పెద్దదైనకొద్దీ ఈ తేడా కొండంత అవుతుంది. గది నిండా నేరుగా ఉండాల్సిన వరుసలను వంచితేనే గోడ పక్క చోటు కలిసొస్తుందన్న మాట నాకు రాత్రిపూట కూడా గుర్తొస్తుంది. ఒక మూల సమస్యకు మందు ఆ మూలలోనే ఉండాలని ఎందుకనుకుంటాం?

ఇలాంటి అమరికలను యంత్రంతో ఎలా వెతుకుతారో చదివినప్పుడు అసలు కష్టం ఎక్కడుందో అర్థమైంది. ఒక పలక ఎక్కడుందో చెప్పడానికి మూడు అంకెలు కావాలి. అడ్డంగా ఎంత దూరం, నిలువుగా ఎంత దూరం, ఎంత వాలింది. పదకొండు పలకలకు ముప్ఫై మూడు అంకెలు, డబ్బా భుజంతో కలిపి ముప్ఫై నాలుగు. ఆ అంకెలను కొంచెం కొంచెం మారుస్తూ డబ్బాను తగ్గించుకుంటూ పోవాలి. వినడానికి సులువు. కానీ రెండు పలకలు ఒకదాని చోట ఒకటి మారాలంటే దారిలో ఒకదానిలోంచి ఒకటి దూరిపోవాలి. నియమమేమో ఎక్కకూడదంటుంది. ఇది దానికి ఎడమన ఉండవచ్చు, కుడిన ఉండవచ్చు, మధ్యలో మాత్రం ఉండకూడదు. అందుకని చాలా పద్ధతులు మొదట ఆ నియమాన్ని సడలిస్తాయి. పలకలను ఒకదానిమీద ఒకటి పడనిచ్చి, ఎంత మేర పడ్డాయో అంత జరిమానా లెక్కగడతాయి. ఆ జరిమానా సున్నా అయ్యేదాకా వాటిని జరుపుతూ, తిప్పుతూ పోతాయి. చివరికి ఒక స్థితి వస్తుంది. ఏ పలకను ఎటు పిసరంత కదిపినా పరిస్థితి చెడిపోతుందే తప్ప బాగుపడదు. అప్పుడు యంత్రం ఆగిపోతుంది. అదే ఉత్తమమా అంటే కాదు. దగ్గర్లో అంతకంటే మంచిది లేదు, అంతే. దూరంగా, పూర్తిగా వేరే పొందికలో, ఎంతో మేలైనది ఉండి ఉండవచ్చు.

మా అమ్మమ్మ వడ్లు కొలిచే తీరు ఇక్కడ గుర్తొస్తుంది. కుంచంలో గింజలు పోసి ఊరుకునేది కాదు. అటూ ఇటూ కుదిపి, నేలకేసి మెల్లగా తట్టేది. నిండిందనుకున్న కుంచంలో చూస్తుండగానే మట్టం దిగిపోయి ఇంకో రెండు దోసిళ్ళకు చోటు వచ్చేది. ఇచ్చేటప్పుడు పోసి కొలవడం, పుచ్చుకునేటప్పుడు కుదిపి కొలవడం అన్నది ఊళ్ళో అందరికీ తెలిసిన గుట్టు. అందుకే కుదపాలా వద్దా అని కళ్ళంలో పెద్ద తగవులే జరిగేవి. గింజ ఎందుకు దిగుతుంది? ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడిపోయిన గింజలకు ఆ కుదుపు కాసేపు పట్టు తప్పిస్తుంది. కొన్ని పైకెగిరి ముందుకంటే వదులైన స్థితిలోకి పోయి, మళ్ళీ దిగేటప్పుడు మంచి చోటు వెతుక్కుంటాయి. ఒకే సైజు గుండ్రటి గోళీలను పోసి బాగా కుదిపితే పాత్రలో సుమారు 64 శాతం చోటు నిండుతుంది, తక్కినది గాలి. కోలగా నొక్కినట్టున్న రూపాలు అంతకంటే బాగా సర్దుకుంటాయి. ప్రిన్స్‌టన్ శాస్త్రవేత్తల బృందం 2004లో ఎం అండ్ ఎం చాక్లెట్ బిళ్ళల ఆకారంతో చేసిన పరిశోధనలో ఆ లెక్క 68 శాతం దాటింది. గింజ కోలగా ఉండటంలో కొలతకు సంబంధించిన మర్మం కూడా ఉందని మా అమ్మమ్మకు ఎవరూ చెప్పి ఉండరు. ఆమె చేతులకు మాత్రం తెలుసు.

1983లో కిర్క్‌ప్యాట్రిక్, గెలాట్, వెక్కీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు సైన్స్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. అందులో చెప్పిన పద్ధతి సారమంతా ఆ కుదుపులోనే ఉందనిపిస్తుంది నాకు. లోహాన్ని బాగా కాచి నెమ్మదిగా చల్లారిస్తే లోపలి పరమాణువులు చక్కగా కుదురుకుంటాయి. హఠాత్తుగా చల్లారిస్తే వంకరటింకరగా బిగుసుకుపోతాయి. లెక్కలోనూ అలాగే ఒక వేడిని ఊహించుకోమన్నారు. వేడి ఎక్కువగా ఉన్న తొలిదశలో పరిస్థితిని చెడగొట్టే కదలికను కూడా తరచుగా ఒప్పుకోవాలి. వేడి తగ్గేకొద్దీ అలాంటి ఒప్పుకోలు తగ్గించుకుంటూ రావాలి. చివరికి మేలు చేసే కదలికలే మిగలాలి. కంప్యూటర్లో చిప్పులను ఇరుకులో ఎలా అమర్చాలన్న సమస్య మీద కూడా వాళ్ళు దీన్ని వాడి చూపించారు. ఉన్న స్థితికంటే మెరుగైన చోటికి పోవాలంటే ముందు కొంత నష్టపోవడానికి సిద్ధపడాలన్నమాట. పెద్దవాళ్ళు ఏదో ఒక సందర్భంలో చెప్పే మాటే అయినా, దానికి ఇంత కచ్చితమైన లెక్క ఉండటం నాకు ధైర్యాన్నిస్తుంది. ఎంత నష్టాన్ని ఒప్పుకోవాలో, ఎప్పుడు మానుకోవాలో కూడా ఆ లెక్కలో ఉంది. జీవితంలో ఆ వేడిని ఎవరు తగ్గిస్తారు? వయసా?

ఇప్పుడు యంత్రాలు ఇంకా దూరం వెళ్ళాయి. గూగుల్ డీప్‌మైండ్ 2025 మే నెలలో ప్రకటించిన ఆల్ఫా ఎవాల్వ్, వెతికే ప్రోగ్రాములను తనే రాసుకుంటూ, వాటిని తనే సవరించుకుంటూ పోతుంది. భుజం ఒకటిగా ఉన్న పదకొండు సమ షడ్భుజులను ఒక పెద్ద షడ్భుజిలో ఇమిడ్చే లెక్కలో, పెద్దదాని భుజాన్ని అంతకుముందు అందరికీ తెలిసిన 3.943 నుంచి అది 3.931కి తగ్గించింది. తేడా నూటికి ఒకటో వంతు కూడా లేదు. అయినా ఆ వార్త చదివి ఆనందించాను, ఎవరో ఒకరు వెతకడం మానలేదు కదా అని. ఆ ఆనందం వెనకే పాత ప్రశ్న మళ్ళీ వచ్చింది. 3.931 కూడా దొరికిన అమరికే. అంతకంటే చిన్నది లేదని ఆ యంత్రం చెప్పలేదు. ఎన్ని కోట్ల అమరికలు చూసినా, చూసినవాటి లెక్క చూడనివాటి గురించి సాక్ష్యం చెప్పదు. మరి లేదు అనే మాట ఎక్కడి నుంచి వస్తుంది?

దానికి నాకు దొరికిన అతి చక్కని ఉదాహరణ చదరంగం బల్ల. తత్త్వవేత్త మ్యాక్స్ బ్లాక్ 1946లో అచ్చయిన తన పుస్తకంలో ఈ చిక్కుప్రశ్న ఇచ్చాడు. అరవై నాలుగు గళ్ళ బల్లలో ఎదురెదురు మూలల్లో ఉన్న రెండు గళ్ళు తీసేశారు. అరవై రెండు మిగిలాయి. ఒక్కోటి పక్కపక్క రెండు గళ్ళను కప్పే బిళ్ళలు ముప్ఫై ఒకటి ఉన్నాయి. బల్లంతా కప్పగలమా? పేర్చి చూస్తూ కూర్చుంటే జన్మ చాలదు, అన్ని దారులుంటాయి. కానీ రంగులు చూడండి. బిళ్ళ ఎలా పెట్టినా ఒక తెల్ల గడినీ ఒక నల్ల గడినీ కప్పక తప్పదు. తీసేసిన రెండు మూలలూ ఒకే రంగువి. మిగిలింది ఒక రంగు ముప్ఫై, ఇంకో రంగు ముప్ఫై రెండు. కాబట్టి కుదరదు. కోట్ల అమరికల్లో ఒక్కటి కూడా పేర్చి చూడనక్కర్లేకుండా అన్నింటికీ ఒకేసారి తలుపు మూసుకుంది. మొదటిసారి ఇది అర్థమైనప్పుడు నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. వెతకడం ఆపడానికి అలసట తప్ప ఇంకో కారణం కూడా ఉండగలదని అప్పుడే తెలిసింది.

ఆ రంగులను ధరలుగా మార్చితే అదే ఒక పెద్ద శాస్త్రమవుతుంది. డబ్బాలోని ప్రతి చోటుకూ ఒక ధర కట్టామనుకోండి. ఏ వస్తువును ఎక్కడ పెట్టినా కనీసం ఒక రూపాయి చోటు మింగేలా ఆ ధరలు కుదిరాయి. మొత్తం డబ్బా విలువ ముప్ఫై రూపాయల తొంభై పైసలు. అయితే ముప్ఫై ఒకటో వస్తువు పట్టదు, ఇక ఎవరూ ప్రయత్నించనక్కర్లేదు. ఇలా ధరలతో ఆలోచించే దారిని, ఇప్పుడు లీనియర్ ప్రోగ్రామింగ్ అనేదాన్ని, లెనిన్‌గ్రాడ్‌లో లియొనీద్ కాంతరోవిచ్ 1939లో, ఇరవై ఏడేళ్ళ వయసులో వేశాడు. ఒక ప్లైవుడ్ సంస్థవాళ్ళు ఏ యంత్రానికి ఏ కలప ఎంత ఇవ్వాలని అడిగితే మొదలైన పని అది. ఆ ఏడాది వచ్చిన చిన్న పుస్తకంలోనే, కోతలో ముక్కలు వృథా కాకుండా చూడటం ఎలాగన్నదీ రాశాడు. 1951లో జాల్గాలర్ అనే గణితజ్ఞుడితో కలిసి కోత లెక్కల మీదే ఒక పుస్తకం తెచ్చాడు. 1975లో ఆయనకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. పెద్ద కాగితపు చుట్టలను చిన్న వెడల్పులుగా కోసే సమస్యకు 1961లో గిల్మోర్, గోమరీ ఆ ధరల మీదే ఒక ఉపాయం కట్టారు. కోత పద్ధతులు లక్షల్లో ఉంటాయి, అన్నీ రాసుకోలేం. ఇప్పటి ధరలను బట్టి ఇంకా లాభం తెచ్చే కోత ఒక్కటైనా ఉందా అని అడుగుతూ పోతే చాలు. లేదన్న జవాబు వచ్చిన రోజు వెతుకులాట న్యాయంగా ముగుస్తుంది. పని చేసే చోట పుట్టిన ప్రశ్నలకు ఇంత లోతు ఉంటుందన్న సంగతి మనం పిల్లలకు ఎందుకు చెప్పం?

లేదు అనడానికి మనిషి ఎంతకాలం ఓపిక పట్టగలడో తెలియాలంటే పండ్ల బండి మీది బత్తాయిల గుట్ట దగ్గర ఆగాలి. ఇలా పిరమిడ్‌లా పేర్చిన గోళాల గుట్టలో ఎన్ని ఉంటాయో లెక్కగట్టే సూత్రం ఆర్యభటీయంలోనే ఉంది. పదహారో శతాబ్దం చివర్లో వాల్టర్ రాలీ ఓడ మీది ఫిరంగి గుండ్ల గుట్టను లెక్కించమని గణితజ్ఞుడు థామస్ హ్యారియట్‌ను అడిగాడు. హ్యారియట్‌తో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాల ప్రభావంతో కెప్లర్ ఆ వైపు ఆలోచించాడు. 1611లో ప్రాగ్ నగరంలో ఒక మిత్రుడికి నూతన సంవత్సర కానుకగా మంచు రేకుల గురించి చిన్న పుస్తకం రాసిచ్చాడు. మంచు రేకుకు ఆరు మూలలెందుకని మొదలుపెట్టి, తేనెపట్టు మీదుగా, దానిమ్మ గింజల మీదుగా నడిచి, గోళాలను ఇంతకంటే ఒత్తుగా పేర్చడం కుదరదని ఒక మాట అన్నాడు. పండ్ల బండివాడు పేర్చే పద్ధతే అది. 74 శాతం చోటు నిండుతుంది. 1831లో గాస్, గోళాలు క్రమం తప్పని వరుసల్లో ఉంటే ఆ మాట నిజమని రుజువు చేశాడు. క్రమం లేనివాటి సంగతి తేలలేదు. పదిహేడు పలకల బొమ్మ చూశాక, క్రమం లేనివాటిని తేలిగ్గా తీసేయలేమని నాకూ తెలుసు.

1998లో థామస్ హేల్స్ అనే గణితజ్ఞుడు కెప్లర్ మాట రుజువైందని ప్రకటించాడు. శామ్యూల్ ఫెర్గూసన్ అనే విద్యార్థి ఆయనకు తోడు. అనంతమైన అమరికలను కొన్ని వేల రకాలకు కుదించి, సుమారు లక్ష లీనియర్ ప్రోగ్రామింగ్ లెక్కలతో ఒక్కో రకం 74 శాతాన్ని దాటలేదని చూపించారు. కాంతరోవిచ్ ధరలే, లక్ష సార్లు. పన్నెండు మంది పరీక్షకులు ఏళ్ళ తరబడి చదివి 99 శాతం నమ్మకం ఉందన్నారు. తక్కిన ఒక్క శాతం? హేల్స్ ఆ ఒక్క శాతాన్ని వదల్లేదు. ప్రతి అడుగునూ యంత్రమే తర్కం ప్రకారం సరిచూసేలా మొత్తం రుజువును మళ్ళీ రాయడానికి 2003లో కొందరితో కలిసి కూర్చున్నాడు. 2014 ఆగస్టులో ఆ పని పూర్తయింది. పండ్ల బండివాడికి తెలిసినదాన్నే ఇంత కష్టపడి చెప్పాలా అని అడిగేవాళ్ళున్నారు. అతనికి తెలిసింది పేర్చడం. ఇంతకంటే బాగా ఎవరూ పేర్చలేరన్నది మాత్రం నాలుగు వందల ఏళ్ళు ఎవరికీ తెలియదు. ఆ రెండో తెలివి కోసం ఒక మనిషి తన జీవితంలో ఇన్నేళ్ళు పెట్టడం వృథా అని నేను అనలేను.

ఈ దారిలో మనవాళ్ళ అడుగు ఒకటి ఉందని ఆలస్యంగా తెలుసుకున్నాను. తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1947లో ప్రయోగాల పొందికల మీద ఒక పరిశోధన పత్రం రాశారు. పలు అంశాలను ఒకేసారి పరీక్షించే ప్రయోగాన్ని కనీసం ఎన్నిసార్లు చేయాలి, ఎంతకు తగ్గిస్తే ఇక పని జరగదు అన్నదానికి ఆయన ఒక హద్దు ఇచ్చారు. దాన్ని ఇప్పుడు రావు హద్దు అంటారు. అదీ కుదరదు అనే వాక్యమే. సందేశాలు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా ఎన్నింటిని ఇమడ్చవచ్చో చెప్పే హ్యామింగ్ హద్దు దానికి జంట. ఈ రెండింటి వెనక ఉన్నది ఒకే లీనియర్ ప్రోగ్రామింగ్ అని బెల్జియంలో ఫిలిప్ డెల్సార్ట్ 1973లో చూపించాడు. ఆ ఆలోచనను 2003లో హెన్రీ కోన్, నోమ్ ఎల్కీస్ గోళాల దగ్గరికి తెచ్చారు. ఎనిమిది కొలతల లోకంలో, ఇరవై నాలుగు కొలతల లోకంలో ఒక ప్రత్యేకమైన ప్రమేయం దొరికితే చాలు, అక్కడి గోళాల కథ తేలిపోతుందని తెలిసింది. ఆ ప్రమేయం ఎలా ఉంటుందో ఎవరికీ అంతుపట్టలేదు. కీవ్‌లో పుట్టిన మరీనా వియాజోవ్‌స్కా 2016లో ఎనిమిది కొలతలకు దాన్ని కనిపెట్టింది. రామానుజన్ 1916లో కేంబ్రిడ్జ్ నుంచి రాసిన వ్యాసంలో పి, క్యూ, ఆర్ అని పేర్లు పెట్టిన శ్రేణులూ అందులో మూలవస్తువులు. వారం తిరిగేసరికి గణితజ్ఞుడు అభినవ్ కుమార్ కూడా ఉన్న బృందంతో కలిసి ఇరవై నాలుగు కొలతలనూ తేల్చింది. 2022లో ఆమెకు ఫీల్డ్స్ పతకం వచ్చింది. ఎనిమిది కొలతల గోళాలతో మనకేం పని అని అడగవచ్చు. ఇరవై నాలుగు కొలతల అమరికకు దగ్గరి చుట్టమైన గోలే కోడ్ సాయంతోనే వాయేజర్ నౌకలు గురు, శని గ్రహాల రంగు చిత్రాలు చెడకుండా పంపాయి. ఊహాలోకంలో గోళాలు ఒకదానిలోకి ఒకటి చొరబడకుండా ఉండటమే, ఇక్కడ ఒక అక్షరం ఇంకో అక్షరంగా మారిపోకుండా ఉండటం.

ఇంతదాకా వచ్చాక ఇంకో సందేహం మొదలైంది. ఒత్తుగా ఇమడ్చడమే ఎప్పుడూ మంచిదా? జాకెట్టు కుట్టే అమ్మాయి పక్క కుట్ల దగ్గర లోపల రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ వదులుతుంది. ఏడాది తర్వాత ఒళ్ళు వస్తే కుట్టు విప్పుకోవడానికి. ముక్క ఎంత ఇరుకైనా ఆ వదిలే గుడ్డ మీద మాత్రం ఆమె బేరమాడదు. కావాలంటే చంక కింద కనపడకుండా చిన్న అతుకు వేస్తుంది. లెక్కలో అది వృథా, వేసుకునే మనిషికి అది నాలుగేళ్ళ ఆయుష్షు. లెక్కకు ఏది చెప్పామో అదే అది తగ్గిస్తుంది. చెప్పడం మరిచిపోయినదాన్ని కూడా నిర్దాక్షిణ్యంగా నొక్కేస్తుంది. గణితంలోనూ దీనికి ఒక ఊరట ఉంది. ఒక చదరంలో ఏడు సమాన వృత్తాలను వీలైనంత పెద్దవిగా ఇమిడ్చే ఉత్తమ అమరికలో ఆరు వృత్తాలు కదలకుండా బిగుసుకుంటాయి, ఏడోది మాత్రం వదులుగా అటూ ఇటూ కదలగలదు. అందరినీ బిగించితేనే ఉత్తమం అన్న నియమమేదీ లేదు. ఆ ఒక్క వృత్తం స్వేచ్ఛ వల్ల తక్కినవాటికి నష్టమేమీ లేదు. ఇది చదివిన రోజు ఎందుకో మనసు తేలికపడింది.

మనుషులకు సంబంధించిన చోట్ల ఈ తేడా ఇంకా పదునుగా తగులుతుంది. హాస్టల్లో చోటు లేదు, వార్డులో మంచం లేదు, క్లాసుల పట్టికలో ఖాళీ లేదు. బల్ల అవతలి నుంచి వచ్చే ఈ మాట వినని కుటుంబం ఉండదు. చాలాసార్లు అది నిజమే కావచ్చు. కానీ అది వెతికి చెప్పిన మాటా, లెక్కగట్టి చెప్పిన మాటా, అలసిపోయి చెప్పిన మాటా? నిన్నటి అమరికను కదపడం ఇష్టం లేక చెప్పిన మాటా? ఈ మూడు నాలుగింటికీ మనం ఒకే వాక్యం వాడుతున్నాం. గణితజ్ఞులు వాడరు. ఐదు పలకల డబ్బా పక్కన రుజువైందని రాస్తారు. పదకొండు పలకల డబ్బా పక్కన ఇప్పటివరకు తెలిసినవాటిలో ఇది మేలైనదని రాస్తారు. ఎన్నేళ్ళు గడిచినా, ఎంతమంది ప్రయత్నించి ఓడిపోయినా ఆ రెండో మాటను మొదటి మాటగా మార్చరు. ఆ కాస్త జాగ్రత్త ఉండబట్టే హవాయిలో ఒక డిగ్రీ విద్యార్థికి పదిహేడు పలకలను ఇంకోసారి తిప్పి చూడాలనిపించి ఉంటుంది. ఇక కుదరదని పెద్దలు తేల్చేసి ఉంటే ఆ అబ్బాయి కాగితం తీసేవాడు కాదు. నాకు దొరకలేదు అన్నచోట దొరకలేదనే చెబుదాం. లేదు అనాలంటే లేదని తెలిశాకే అందాం. ఆ మాట కోసం ఎదుటివాళ్ళు ఒక అవకాశాన్ని పూర్తిగా వదులుకుంటారు కాబట్టి, దానికి పెట్టాల్సిన కష్టం మనమే పెట్టాలి.